పన్నెండును సి అని పిలిచే లెక్క

నేను ఒక చిన్న నల్లని చిప్పును. ఇరవై నాలుగు కాళ్లున్నా అడుగు వేయలేను. అంకెలు చూపించే ఎర్రదీపాల పలకను వెలిగించడం నా పని. నన్ను చేసినవి యంత్రాలు, పరీక్షించినవీ యంత్రాలే. నన్ను మొదట ముట్టుకున్న మనిషి, నందికొట్కూరులో మిక్సీలు బాగుచేసే హుసేన్‌బీ.

ఆమె తండ్రి కాశీం ముప్పై ఏళ్లు దూదేకే మిషన్ పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. షుగర్ వల్ల కాలికి పుండు పడింది. ఆసుపత్రిలో నర్సు నంబరు పిలిస్తే వినబడక రెండుసార్లు వరుస తప్పి, కట్టు లేకుండానే తిరిగొచ్చాడు. "చెవిటోడని నగుతాండారు మా. నేనింగ పోను," అని మొండికేశాడు.

హుసేన్‌బీ వెళ్లి, గోడకు నంబర్ల బోర్డు తానే చేసిస్తానని డాక్టరమ్మను ఒప్పించింది.

అలా నాలుగు చిప్పులం ఒక వరుసలో చేరాం. నేను మూడోదాన్ని. ఆజ్ఞలన్నీ మొదటి చిప్పుకే వస్తాయి. కొత్తది రాగానే అది పాతదాన్ని పక్కకు నెడుతుంది. అందుకే ముందు పంపింది అందరికంటే చివరనున్న చిప్పుకు చేరుతుంది. కరెంటు ఇచ్చినా 'మేలుకో' అనే ఆజ్ఞ అందేదాకా మేం దీపాలు వెలిగించం. ఆ ఆజ్ఞ సంఖ్య పన్నెండు.

మూడు రోజులు హుసేన్‌బీ ఎన్నిసార్లు పంపినా మేం వెలగలేదు. మాకు అందుతున్నది ఆ ఆజ్ఞ కాదు మరి. ఆమె తల పట్టుకుని కూర్చుంది. కాశీం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమైంది మా? నాకూ సెప్పు."

ఆయనకు చెప్పాలంటే రాతపలకమీద రాయాలి. ఓపిగ్గా రాసింది: చిప్పులకు ఆజ్ఞలు రాసే లెక్కలో తొమ్మిది తర్వాత పదిని A అంటారు, పదకొండు B, పన్నెండు C. అట్లా పదిహేను F దాకా. పదహారు వచ్చినప్పుడే 10 అని రాస్తారు.

కాశీం రాతపలకను చూశాడు, కంప్యూటర్ తెరను చూశాడు. "అయితే నువ్వు పంపే ఈ 12 ఎంత?"

"పన్నెండే గదా నాయినా," అంటూనే ఆగిపోయింది. ఒక పదహారు, పైన రెండు. "పద్దెనిమిది! నాయినా, పద్దెనిమిది!"

ఆయనకేం వినబడలేదు. కూతురి మొహం చూసి తనూ నవ్వాడు. ఆమె 12 చెరిపి 0C అని కొట్టింది. మా నాలుగు దీపాల పలకలూ ఒక్కసారి ఎర్రగా వెలిగాయి. పది వేళ్లున్నవాళ్లకు పదహారు దాకా లెక్క చిక్కడానికి కాస్త సమయం పట్టడంలో తప్పేముంది!

సోమవారం ఉదయం ఆసుపత్రి గోడమీద మేం ఇరవై ఏడు చూపించాం. నర్సు నోరు తెరవకముందే కాశీం లేచాడు. "ఇరవై ఏడు! నేనే!" అని హాలంతా వినబడేలా అరిచాడు. ఎవరూ నవ్వలేదు.

కట్టు కట్టించుకున్నాక కూడా ఆయన ఇంటికి వెళ్లలేదు. మధ్యాహ్నం దాకా బెంచీమీద కూర్చుని, ఎవరైనా కునుకు తీస్తే చీటీ చూసి, వాళ్ల నంబరు రాగానే భుజం తట్టి లేపుతూ ఉన్నాడు.