ముప్పై ఒక్క పడవల ఫోన్ నంబరు

పెనం మీద జొన్నరొట్టె వేశానో లేదో ఫోన్ టింగుమంది. వెంటనే ఇంకోటి. రొట్టె తిప్పేలోపు పది దాటాయి. మా అత్తమ్మ లింగమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "పని లేనోళ్ళకు ఫోనే పని" అంది. ఒక పొయ్యి మీద రొట్టె, ఇంకో పొయ్యి మీద పప్పు, మోచేతుల దాకా పిండి. ఆ పని లేనిదాన్ని నేనే. కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మ నోటికీ చేతికీ సంబంధం ఉండదు, నోరు తిడుతుంటే చెయ్యి నా కోసం చిక్కుడుకాయలు ఒలుస్తుంది. చెయ్యి కడుక్కుని చూశాను. చూడకపోయినా తెలుసు, మొత్తం ముప్పై ఒక్క మెసేజ్‌లు, అన్నింట్లో ఒకటే మాట. సముద్రం అల్లకల్లోలంగా ఉండే అవకాశం ఉంది, మత్స్యకారులు వేటకు వెళ్ళవద్దు.

బోడుప్పల్‌లో మూడో అంతస్తులో కాపురం ఉండేదానికి, సముద్రాన్ని టీవీలో తప్ప చూడనిదానికి ఈ మెసేజ్ ఎందుకు వచ్చేదో చెప్పాలంటే మా ఆయన దగ్గర మొదలుపెట్టాలి. మహిపాల్‌కు నాచారంలో ఫైబర్ షెడ్డు ఉంది. ముందు నీళ్ళ ట్యాంకులు, బస్సు సీట్లు చేసేవాడు. ఐదేళ్ళ కింద ఎవరో చెబితే చేపల పడవలు మొదలుపెట్టాడు. అచ్చులో ఫైబర్ గుడ్డ పొరలు పొరలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పోసి, గట్టిపడ్డాక ఊడదీస్తే పడవ. అది లారీ మీద ఉప్పల్ చౌరస్తా దాటుతుంటే బైకుల వాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటారు. మహిపాల్ చేతిపని శుభ్రంగా ఉంటుంది, మాట నెమ్మదిగా ఉంటుంది, అందుకే కోస్తా నుంచి వెతుక్కుంటూ వస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ఉండేది, "మా వద్ద పడవ కొన్నవారికి కాగితాల పని ఫ్రీ" అని. ఆ ఫ్రీ నేను.

పడవ చేస్తే అయిపోదు. కట్టినవాళ్ళ సర్టిఫికెట్, పొడవు, వెడల్పు, లోతు, ఇంజన్ బిల్లు, యజమాని ఆధార్, అన్ని వైపుల నుంచి ఫోటోలు, లైఫ్ జాకెట్ల బిల్లు, అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అధికారి వచ్చి పడవను కళ్ళారా చూసుకున్నాక రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. అది పడవకు రెండు పక్కలా పెయింటుతో రాయించాలి. అది అయ్యాక వేటకు వేరే లైసెన్స్. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళి, మహిపాల్ తిన్న గిన్నెలు కడిగి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు ఈ పనంటే ప్రాణం. ఒక్కో కాగితం ఒక్కో చోట కుదురుతుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ ఆఫీసుల నుంచి ఫోన్ వస్తే మాత్రం, "సార్‌కు ఇవ్వండమ్మా" అంటారు. మహిపాల్ ఫోన్ తీసుకుని, దాన్ని అరచేత్తో మూసి, "ఎంత పొడుగు?" అని నన్ను అడుగుతాడు. నేను చెబుతాను. ఆయన గొంతు సవరించుకుని అదే చెబుతాడు. వచ్చినవాళ్ళు ఎవరైనా నేనెవరని అడిగితే, "మా ఇంటామె, జర కాగితాలు సూస్తది" అంటాడు, ప్రేమగానే.

ఇక నంబరు సంగతి. ఫారం నింపేటప్పుడు యజమాని ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ యజమాని సముద్రం మీద ఉంటాడు. నేను ఫోన్ చేస్తే సిగ్నల్ ఉండదు, మర్నాడు ఒడ్డుకొచ్చి, "ఏదో నంబరొచ్చిందండి, సెప్పమంటారా?" అని అడుగుతాడు. మూడు నాలుగుసార్లు అలా అయ్యాక విసుగెత్తి నా నంబరే రాసేశాను. తర్వాతి పడవకూ అదే, ఆ తర్వాతదానికీ అదే. తప్పు నాదే, ఎవరి మీదా నెట్టను. అలా పడవలన్నీ నా ఫోన్‌కు కట్టేసి ఉండిపోయాయి. మొదటిసారి తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఇది తెలియాల్సినవాళ్ళకు తెలియకుండా నా దగ్గర ఆగిపోయింది కదా అని, పడవల వాళ్ళ నంబర్లు రాసుకున్న రిజిస్టర్ ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. మగవాళ్ళ ఫోన్లు కలవకపోతే, కలిసినవాళ్ళతో వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళను పిలిపించి చెప్పాను. నంబర్లు మార్చాలి, మార్చాలి అనుకుంటూనే ఇంటి పనుల్లో ఏళ్ళు గడిచాయి. హెచ్చరిక వస్తే ఫోన్ చెయ్యడం, వాళ్ళు "సరే అక్కా" అనడం అలవాటైపోయింది.

అందరిలోకీ దగ్గరైంది దుర్గాభవాని. కాకినాడ అవతల ఒక పల్లె. వాళ్ళాయన సాంబయ్యది మేం చేసిన పదకొండో పడవ. హెచ్చరిక చెప్పడానికి చేస్తే గంట మాట్లాడేది. ఎండు రొయ్యలు పార్సిల్ పంపేది. ఆ పార్సిల్ వచ్చిన రోజు మా అత్తమ్మకు నా ఫోన్ మీద కోపం ఉండేది కాదు.

పోయిన కార్తీకంలో నారపల్లిలో మా ఆడబిడ్డ పద్మశ్రీ గృహప్రవేశం. పొద్దున ఆరింటికే వెళ్ళాం. పాలు పొంగించడం, వచ్చినవాళ్ళకు బొట్టు పెట్టడం, టిఫిన్లు, టీలు, మళ్ళీ టీలు. మహిపాల్ నా మొహం చూసి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "ఇయ్యాల్ల ఒక్కరోజన్న ఫికర్ లేకుంట ఉండు" అని సైలెంట్‌లో పెట్టి తన జేబులో వేసుకున్నాడు. నాకు ముచ్చటేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా అలసట ఒకరి కంటపడింది అనుకున్నాను.

భోజనాల బంతులు ముగిసేసరికి మూడైంది. ఊళ్ళో మా పెద్దమ్మకు ఫోన్ చేద్దామని మహిపాల్ దగ్గర నా ఫోన్ తీసుకుని చూస్తే తెర నిండా మెసేజ్‌లు. పొద్దున తొమ్మిదింటివి. సాయంత్రం నుంచి ఈదురుగాలులు, వెళ్ళినవాళ్ళు వెంటనే తిరిగి రావాలి. మెట్ల మీదే కూర్చుండిపోయాను. ముందు దుర్గాభవానికే చేశాను.

"పదకొండింటికి ఎల్లిపోయారక్కా" అంది. "ఊళ్ళో మైకులో సెప్పారు. నేనూ వద్దన్నాను. మా ఆయనేమో, నీలవేణక్క ఫోన్ సెయ్యలేదు కదే, అంత గాలి ఉంటే ఆవిడ సెయ్యకుండా ఉంటాదా అన్నారు. అదీ నిజమే అనిపించింది నాకు."

మైకు కంటే నా ఫోన్ పెద్దదైంది వాళ్ళకు. గర్వపడాలో భయపడాలో తెలియలేదు, భయమే గెలిచింది. ఇన్నేళ్ళూ నేను మంచితనం కొద్దీ చేస్తున్నాననుకున్నది, పప్పు పోపుకూ రొట్టెకూ మధ్య సందు చూసుకుని చేసినది, అవతలి ఒడ్డున మనుషులు దాన్ని నమ్ముకుని పడవ ఎక్కడమో మానడమో చేస్తున్నారు. నేను ఒక్కపూట విశ్రాంతి తీసుకుంటే ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చేంత పని అది. అంత పనిని నేను కూడా ఏనాడూ పని అనలేదు. అత్తమ్మ అనలేదని నిష్ఠూరపడ్డాను గానీ, అడిగితే నేనూ "ఏదో, ఊరికే" అనేదాన్నే.

మహిపాల్ వచ్చి సంగతి తెలుసుకున్నాడు. నా పక్కన మెట్టు మీద కూర్చుని, నా ఫోన్‌లో ఉన్న రిజిస్టర్ పేజీ ఫోటో తన ఫోన్‌లోకి పంపమన్నాడు. ఆయన కింద నుంచి, నేను పై నుంచి, ఇద్దరం చెయ్యడం మొదలుపెట్టాం. ఇరవై ఏడు ఇళ్ళలో పడవలు ఒడ్డునే ఉన్నాయి. నాలుగు వెళ్ళాయి. వాటిలో మూడు ఐదింటికల్లా వచ్చేశాయని కబురొచ్చింది. సాంబయ్య రాలేదు.

లోపల్నుంచి పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ అత్తగారి వైపు వాళ్ళు వెళ్ళిపోతున్నారట, టీ పెట్టేవాళ్ళు లేరట, "వదినా, జర వస్తవా?" అంది. అలవాటుగా లేవబోయాను. మహిపాల్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నువ్వే పెట్టుకో పద్మా. మీ వదిన పనిల ఉన్నది."

పద్మశ్రీ వింతగా చూసి వెళ్ళింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత గాబరాలోనూ ఆ మాట చెవిలో తియ్యగా ఆగింది, దానికి సిగ్గుపడ్డాను కూడా. కాసేపటికి మా అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, నా కింది మెట్టు మీద కూలబడింది. "ఆ రొయ్యల పిల్ల పెనిమిటేనా?" అని అడిగింది. అవునన్నాను. నా పాదం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఐదు నిమిషాలకోసారి దుర్గాభవాని ఫోన్ చేసేది, పది నిమిషాలకోసారి నేను. చెప్పుకోవడానికి ఏమీ లేదు. "ఉన్నావా?" అంటే "ఉన్నా" అనుకోవడం, అంతే.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. అవతల ఏడుపు. ఏడుపు మధ్యలో తిట్లు వినిపించాయి. దుర్గాభవాని మొగుణ్ణి తిడుతోంది, నోటికొచ్చినట్టు, ఊరంతా వినేట్టు. బతికి వచ్చినవాణ్ణి తప్ప అలా ఎవరూ తిట్టరు. గాలి లేవగానే పడవను వేరే ఊరి రేవుకు చేర్చి, అక్కడినుంచి ఎవరిదో ఆటోలో వచ్చాడట. మా అత్తమ్మ నా మొహం చూసి అర్థం చేసుకుని, "ఇగ ఇంత తిను, పొద్దటిసంది తిన్లేదు" అని నన్ను లేపింది.

మర్నాడు పొద్దున మహిపాల్ చాలా ఆలోచించినట్టు చెప్పాడు. "తప్పు నాదే నీలా. ఫోన్ నేను గుంజుకోకపోతే గిట్ల కాకపోవు. ఇగ నీకు ఈ తిప్పలు వద్దు. అన్ని పడవలకు వాళ్ళ వాళ్ళ నంబర్లే పెట్టిద్దాం. నువ్వు ఆరాంగుండు." ఆయన మాటలో కల్మషం లేదు. నన్ను బరువు నుంచి తప్పించాలనే ఉంది. కానీ నాకు ఆ ఆరాం వద్దనిపించింది. వాళ్ళ నంబర్లు అంటే మగవాళ్ళవి. నీళ్ళ మధ్య, సిగ్నల్ లేని చోట, చొక్కా జేబులో పడి ఉండే ఫోన్లు. హెచ్చరిక అక్కడికి వెళ్ళి ఏం చేస్తుంది? పడవ వెళ్ళకముందు ఆపేదీ, వెళ్ళాక రేవు రేవుకూ కబురు పెట్టేదీ, ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేసేదీ ఎవరో నిన్ననే కదా చూశాను.

ఆ మాటే చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాను. "రేపటిసంది పది గంటలకే వస్త నేను షెడ్డుకు. క్యారేజీ తేను. కరపత్రంల ఫ్రీ అన్నది కొట్టెయ్యి. కాగితాల పని నీలవేణి అని రాయి, నా నంబర్ రాయి. ఆఫీసోళ్ళు సార్‌కు ఇయ్యమంటే నువ్వు ఫోన్ ముట్టద్దు." "మరి నేనేం తినాలె?" అన్నాడు మహిపాల్. షెడ్డు ఎదురుగా మెస్ ఉందని గుర్తుచేశాను. నవ్వాడు గానీ, ఆ నవ్వులో కొంచెం బెంగ కూడా ఉంది. నాకూ ఉంది, ఆయన బయటి కారం తట్టుకోలేడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వారం రోజులు పట్టింది. ముప్పై ఒక్క ఇళ్ళకూ ఫోన్ చేసి ఆడవాళ్ళ నంబర్లు అడిగాను. కొందరు మగవాళ్ళు నవ్వారు, ఇద్దరు కసురుకున్నారు. దుర్గాభవాని అడక్కముందే రెండు నంబర్లు చెప్పింది, ఒకటి తనది, ఒకటి వాళ్ళ అత్తది. ఒక్కో నంబరూ మారుతుంటే నా ఫోన్ తేలికవుతూ వచ్చింది. చిన్న దిగులు కూడా వేసింది, దాచడం దేనికి. అందుకే అందరికీ చెప్పాను, హెచ్చరిక వచ్చిన రోజు నాకు ఒక్క మాట చెప్పండి, ఈసారి మీరు చెయ్యండి అని.

ముప్పై రెండో పడవ అచ్చులోంచి బయటికి వచ్చిన రోజు గిరిప్రసాద్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు, పడవ అతనిదే. కాగితాలు తొందరగా కావాలట, వేట పోతోందట. అన్నీ సరిచూసి, ఇంటావిడ నంబరు చెప్పమన్నాను.

"ఆవిడకి ఫోన్ లేదండి. ఆవిడకెందుకండి ఫోను? పడవ నాది, నా నంబరు రాసేయండి."

"పడవ నీదే తమ్మీ, కాదంటలేను. నువ్వు నీళ్ళ మీద ఉంటవు. ఒడ్డు మీద ఉండేటామె నంబర్ కావాలె నాకు. ఒక ఫోన్ కొనియ్యి, ఆమెతోనే నాకు చేపియ్యి. గప్పటిదాంక నీ కాగితం ముంగటికి పోదు."

అతను ఏదో గొణిగాడు. తర్వాత, సరేనండి, ఈ సాయంత్రమే కొంటానండి, అన్నాడు.

ఫోన్ పెట్టి చూస్తే మహిపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కనుబొమ్మల మీద ఫైబర్ పొడి తెల్లగా పేరుకుని. అంతా విన్నట్టున్నాడు.

"గట్ల రూల్ ఉన్నదా?" అని అడిగాడు.

"ఇయ్యాల్టిసంది ఉన్నది" అన్నాను.