మట్టయ్య బుగులు

పట్టుచీరను తన భుజం మీదే వేసుకుని కుచ్చిళ్లు పెట్టి చూపిస్తుండగా మట్టయ్యకు మళ్లీ మొదలైంది. ముందు అరచేతులు చల్లబడ్డాయి. తర్వాత గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. బయట దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద హారన్లు మోగుతున్నా అతనికి తన నెత్తురు చప్పుడే వినిపిస్తోంది. ఎదురుగా పెళ్లివారు నింపాదిగా కొంగు చూస్తున్నారు. అయినా ఏదో వచ్చి మీద పడబోతోందన్న భయం. నుదుటి చెమట చీర మీద పడకుండా మోచేత్తో తుడుచుకుని, "అంచు చూడుండ్రి అమ్మా" అన్నాడు.

"మట్టన్నకు బుగులు లేసింది," అని నగేశ్ నవ్వాడు. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఆ దుకాణంలో చీరలు అమ్ముతున్నారు. మట్టయ్య లిఫ్టెక్కడు, తోడు లేనిదే రోడ్డు దాటడు. అందరికీ అలవాటైపోయింది.

ఇరవై ఏళ్ల కిందట హయత్‌నగర్ కిరాయి గదిలో గ్యాస్ మంట లేచినప్పుడూ గుండె ఇలాగే కొట్టుకుంది. అతని కాళ్లు భార్యాబిడ్డలను లోపలే వదిలి గుమ్మం బయటికి పరుగెత్తాయి. పసిపిల్ల అఖిలను గుండెకు హత్తుకుని భార్య స్వరూపరాణి ఒక్కతే బయటికి వచ్చింది, మోచేయి దాకా చేయి కాలి. ఆమె ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. కష్టమైన పని ఏదీ అతనికి చెప్పడం మాత్రం మానేసింది.

మధ్యాహ్నం అన్నం వేళలో ఎల్బీనగర్ క్లినిక్‌కు వెళ్లాడు. డాక్టర్ సూర్యప్రభ మొన్న తీయించిన స్కానింగ్ ఫిల్ములో కిడ్నీ పైన నిమ్మకాయంత మచ్చ చూపించారు.

"ఇది అడ్రినల్ గ్రంథి అండి. ప్రమాదం వచ్చినప్పుడు గుండెను పరుగెత్తించే హార్మోన్ ఇక్కడే తయారవుతుంది. మీకు ఇందులో గడ్డ ఉంది. ఏ కారణం లేకపోయినా అది ఆ హార్మోన్‌ని రక్తంలోకి వదిలేస్తోంది. బీపీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఇవాళే ఆస్పత్రిలో చేరాలండి."

"అంటే నాది పిరికితనం కాదా మేడం?"

"కాదండి, జబ్బు."

మట్టయ్య ఫిల్ము మీదికి వంగాడు. "ఇరవై ఏండ్ల కింద గూడ గీ గడ్డ ఉండెనా?"

ఆమె ఫిల్ము పక్కన పెట్టారు. "చెప్పలేనండి. ఉండకపోవచ్చు."

భార్యకు చెప్పి సాయంత్రమే చేరతానని లేచాడు.

దుకాణం బయట నిలబడి స్వరూపరాణికి ఫోన్ చేశాడు. గడ్డ సంగతంతా చెప్పి, "అప్పటిది గూడ గిదేనంట," అన్నాడు. అబద్ధం నోరు దాటగానే గుండె దడదడలాడింది. ఇది గడ్డ భయమో తన భయమో అతనికే తెలియలేదు.



"నేనెన్నడన్న అడిగిన్నా?" అంది స్వరూపరాణి.

"అడగలే. గందుకే చెప్తున్న."

"సరే తీ. ఆరింటికి నేనే దుకాణం కాడికొస్త. ఇద్దరం దవాఖానకు పోదాం. బుగులు పడకు, నేనుంట."

ఐదున్నరకు ఒక ముసలావిడ అడుగు అరలోని నేతచీర అడిగింది. మట్టయ్య నడుం వంచి అరలో చేయి పెట్టాడు. అలాగే ఉండిపోయాడు. వెతుకుతున్నాడనుకున్నారంతా. తర్వాత తెల్లటి పరుపు మీదికి మెల్లగా ఒరిగాడు. నగేశ్ "మట్టన్నా!" అంటూ అతని తలను ఒళ్లోకి తీసుకునేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో చూపు లేదు.

స్వరూపరాణి చెప్పినట్టే ఆరింటికి వచ్చింది. లోపల మూగిన జనాన్ని చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా, మెట్టు దగ్గర చెప్పులు విడవబోయి ఆగింది. అక్కడ మట్టయ్య చెప్పులున్నాయి, మడమల దగ్గర అరిగి, బొటనవేలి పట్టీకి దారం కుట్టు వేసి, రోడ్డు వైపు తిరిగి.