జోగయ్య పీకిన నీలం వైరు

ఎంటర్ కొట్టి, జ్ఞానసుందరి టీ గ్లాసు అందుకోబోయింది. కంప్యూటరు పట్టికలో తుడవాల్సింది నాలుగు వరసలే. రక్తం పరీక్షించే కొత్త మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని పొద్దున తనే ఎక్కించిన ఉత్తుత్తి వరసలవి. తీరా తెర మీదికి చూస్తే, తుడిచిన వరసలు లక్షా చిల్లర అని ఉంది.

గ్లాసు దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆదేశం రెండు పంక్తుల్లో రాసింది. తుడువు అన్నది మొదటి పంక్తి, ఏవేవి తుడవాలో చెప్పేది రెండోది. మౌసుతో ఎంచుకున్నది మాత్రం మొదటిదే. ఎంచుకున్నంత మేరకే నడిపించే బుద్ధి ఆ ప్రోగ్రాముది. పాపం, దాని తప్పేం లేదు, చెప్పింది చేసింది. పట్టికలో ఇంకెన్ని మిగిలాయో అడిగితే సున్నా అంది. మళ్లీ అడిగింది. జవాబు మారలేదు.

ఆ పట్టికలో ఉన్నవి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనుషుల రక్తపరీక్షలు. అక్కడ ఊరూరా కిడ్నీలు పాడైపోతున్నాయి, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో ఒక ట్రస్టు తరఫున చిన్న పరీక్షా కేంద్రం పెట్టుకుని, ప్రకాష్ డాక్టరు ఆరేళ్లుగా అవే మనుషుల్ని మళ్లీ మళ్లీ పిలిపించి, కిడ్నీ పాడవుతుంటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ చూస్తున్నారు. ఎవరికి ఎప్పుడు ఎక్కడ పెరగడం మొదలైందో తెలిస్తే, ఎందుకు మొదలైందో ఏదో ఒకనాడు తెలియకపోదని ఆయన ఆశ. మనుషుల చేతికిచ్చిన చీటీలు మొన్నటి తిత్లీ తుఫానుకి ఇంటి రేకులతో పాటే ఎగిరిపోయాయి. ఇక ఆ అంకెలకి ఇల్లంటూ ఉంటే ఈ మైఎస్‌క్యూఎల్ డేటాబేసే, దాన్ని చూసుకునేది జ్ఞానసుందరి.

"రెండు చోట్ల ఉంది సార్, బెంగ అక్కర్లేదు" అని డాక్టరుగారికి గొప్పగా చెప్పింది కూడా తనే. వెనక గదిలో రెండో కంప్యూటరుంది. తను పనిచేసే పెద్ద కంప్యూటరులో జరిగే ప్రతి మార్పూ ఒక చిట్టాలో పడుతుంది, రెండోది దాన్ని చదువుకుని తన దగ్గరా అదే చేస్తుంది. ఎక్కిస్తే ఎక్కిస్తుంది, మారిస్తే మారుస్తుంది. తుడిస్తే?

అదీ తుడిచేస్తుంది. అద్దంలో బొమ్మని చూపించి ఇంకో మనిషున్నాడని ఇన్నాళ్లూ మురిసిపోయింది. విడిగా ఒక కాపీ తీసి ఏ డిస్కులోనో దాచి ఉంటే ఎంత బాగుండేది. దాచలేదు. పాత చిట్టాలు కూడా చోటు చాలక ఎండాకాలంలోనే తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంటూనే వెనక గదికి పరిగెత్తింది.

కంప్యూటరు నడుస్తోంది గానీ, రెండు కంప్యూటర్లనీ కలిపే నీలం రంగు నెట్‌వర్కు వైరు గోడ పక్కన వేలాడుతోంది. ఆ కంప్యూటరు నుదుటిన ఎండిపోయిన పసుపు, కుంకం.

"ఈ వైరు ఎవులు పీకీసినారు?" అంది.

గది తుడుస్తున్న జోగయ్య నడుం ఎత్తాడు. కేంద్రంలో అటెండరు. నిరుడు భార్య కూర్మమ్మని ఈ కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. అప్పట్నుంచీ ఇంటికంటే ఇక్కడే ఎక్కువ ఉంటున్నాడు.

"నానేనమ్మా. తుపాను దెబ్బకి దసరాకి కరెంటు నేదు కదా, సామాన్లన్నిటితోనీ దీన్నీ పూజలో ఎట్టినాను. ఎనక గదిలో పడుంటాదని దీనికెవులూ బొట్టెట్టరు. తిరిగి సర్దినప్పుడు ఆ వైరు మర్సిపోనాను."

"మర్సిపోనారా? ఆ వైరు నేకపోతే ఇది ఉండి ఏటి లాభం బాబాయ్? తెలీనప్పుడు ముట్టుకోకూడదు కదా."

తన మీద కోపం ఆ ముసలాయన మీద పడుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు. జోగయ్య చిన్నబోయి చీపురు గోడకి ఆన్చాడు.

ఆమె కుర్చీలో కూలబడి, దీనిలో ఎన్ని వరసలున్నాయో అడిగింది. లక్షకి పైన అంది. కళ్లు నులుముకుని ఊళ్ల పేర్లు తెరిచి చూసింది. మనుషులు, తేదీలు, అంకెలు, తుఫాను ముందు రోజు దాకా అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వైరు లేదు కాబట్టి తుడువు అన్న మాట దీని చెవిన పడలేదు. దసరా తర్వాతవి పెద్ద కంప్యూటరు చిట్టాలో ఉన్నాయి. సరిగ్గా ఆ తుడుపు ముందు దాకా చదివించి ఆపేస్తే ఒక్క రక్తపరీక్ష కూడా పోదు.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చెయ్యాల్సింది ముందు ఒకటుంది. ఇక నకలు చేయడం ఆపు అని దీనికి ఒక్క మాట చెప్పాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ సంతోషం మనిషిని కుదురుగా కూర్చోనిస్తుందా? లేచి ముందు గదికి పరుగు తీసింది.

డాక్టరుగారు ఎవరి చేతికో బీపీ పట్టీ చుడుతున్నారు. జరిగింది ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వింటూ వింటూ ఆయన పట్టీ చుట్టడం ఆపేశారు. చివరి మాట విన్నాక మళ్లీ చుట్టసాగారు.

"అయితే ఆ వైరు ఊడి ఉండబట్టే బతికాం. దాన్ని ఎవరూ ముట్టుకోరుగా?"

జోగయ్యని ఆ గదిలోనే వదిలి వచ్చిన సంగతి జ్ఞానసుందరికి అప్పుడు గుర్తొచ్చింది. వెనక గదికి ఎలా వచ్చి పడిందో ఆమెకే తెలీదు.

జోగయ్య నేల మీద నుంచి లేస్తున్నాడు. మొహంలో పోయిన కళ తిరిగొచ్చింది.

"ఎట్టీసినాను తల్లీ. క్లిప్పు ఇరిగిపోయి ఊడిపోతన్నాది, దారం కట్టి మరీ బిగించినాను. ఇంక ఊడదు."

ఆమె దారంతో సహా వైరు లాగేసింది. ఎన్ని వరసలున్నాయో అడిగింది.

సున్నా.

తలుపు దగ్గరికి డాక్టరుగారు వచ్చారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. జోగయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"నాను సేసిందేనా?"

"కాదు బాబాయ్. నాను సేసిందే. రగతం లెక్కలన్నీ పోనాయి."

జోగయ్య చొక్కా చెయ్యి మడిచాడు. నరం కనబడేలా చెయ్యి ముందుకి చాపాడు.

"ఈ లెక్కలో మొదటి నెంబరు నాదే కదా. తియ్యండి. ఊళ్లకెల్లి అందరినీ నానే పిలుసుకొస్తాను. మళ్లీ మొదట్నుంచి రాసుకుందుము."

అప్పటి రక్తం ఇప్పుడు దొరకదని ఎలా చెప్పాలో జ్ఞానసుందరికి తోచలేదు. చెప్పక్కర్లేకపోయింది. చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"రెండో నెంబరు మా కూర్మమ్మది" అన్నాడు జోగయ్య. "దాని రగతం ఎక్కడ తెద్దుమమ్మా?"