పెద్దమ్మ దెబ్బ

మూడో దెబ్బకు తలుపు లొంగింది. పెద్దమ్మ సమ్మెటను నేలకు ఆనించి, చొక్కా చేతితో మొహం తుడుచుకుంది.

"చచ్చావా, ఇంకా ఉందా?" అని ఆ తలుపునే అడిగి, సమాధానం కోసం ఆగకుండా ఇంకొకటి వేసింది.

పైన అంతరిక్షంలో ముసలిదైపోయిన టెలిస్కోపు ఒకటి తిరుగుతోంది. రాళ్ల తునకలు తగిలి తగిలి దాని ఒళ్లంతా తూట్లు పడ్డాయి. మనుషులు వెళ్లి బాగుచేసే వీలు లేదు. రెండు రోబోలను పంపుతారు, కిందినుంచి ఒకరు కుర్చీలో కూర్చుని వాటి చేతులు ఆడిస్తారు. దానికి సాధన కావాలి కదా, అందుకే ఈ షెడ్డులో పరదా వెనక టెలిస్కోపు నమూనా ఒకటి కట్టిపెట్టారు. దాన్ని చితక్కొట్టడమే పెద్దమ్మ ఉద్యోగం. మొదట్లో యంత్రంతో కొట్టించారట గానీ అన్ని దెబ్బలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవట. అప్పుడెవరో పాత ఇనుము యార్డుకు వెళ్లి, బస్సుల డొక్కలు చీలుస్తున్న ఈ మనిషిని వెతికి తెచ్చారు.

కొట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తినడం మాత్రం అందరూ కలిసి బాగా నేర్పారు. పుట్టింట్లో తండ్రి బెల్టు, అత్తింట్లో మొగుడి పిడికిలి. ముందు పళ్లు రెండు రాలింది అతని చలవే. ఒకరోజు అతను చంటిపిల్లను కాలు పట్టి గోడకేసి కొట్టబోతే, ఆమె మూలనున్న సమ్మెట అందుకుంది. అతని మోకాలి చిప్ప పగిలిన చప్పుడు ఆమెకు ఇప్పటికీ ఇష్టమే. కుంటుకుంటూ పోయినవాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆ పిల్లే ఇప్పుడు పక్క గదిలో, రోబోల కుర్చీలో కూర్చుని ఉంది. ఈరోజు ఆఖరి పరీక్ష. తల్లి విరగ్గొట్టినదాన్ని సాయంత్రంలోగా బాగుచేస్తే, పైకి వెళ్లే రోబోలు ఆ పిల్ల చేతిలో ఉంటాయి. లేదంటే ఆ కుర్చీ వేరేవాళ్లది. బాగుచేయడం పూర్తయ్యేదాకా కొట్టినవాళ్లు, బాగుచేసేవాళ్లు మాట్లాడుకోకూడదన్నది షెడ్డు నియమం. అందుకే మాటలన్నీ పొద్దున వంటింట్లోనే అయిపోయాయి.

"అమ్మా, ఇవాళ మెత్తగా కొట్టావో, నీకూ నాకూ చెల్లు."

"కన్నతల్లినే బెదిరిస్తావుటే? వీపు చిట్లుతుంది."

"పైన రాళ్లు నన్ను చూసి జాలిపడవు. నీ దయవల్ల ఇక్కడ నెగ్గి, అక్కడ నలుగురిలో నవ్వులపాలవ్వాలా?"

"సర్లే పో. నీ కుర్చీ కూడా విరిచి పెడతాను."

తెల్లవారినప్పటినుంచీ ఎడమ చెయ్యి లాగేస్తోందని మాత్రం పెద్దమ్మ చెప్పలేదు. చెబితే పరీక్ష గాలికొదిలేసి ఆసుపత్రికి ఈడ్చుకుపోతుంది. మొండిఘటం, ఎవరి పోలికో వేరే చెప్పాలా.

విరిగిన తలుపు వెనక తీగల పెట్టె కనిపించింది. అసలు పరీక్ష దానిదే. పెద్దమ్మ సమ్మెట ఎత్తి, దించింది. ఇన్నాళ్లూ ఎవరినో ఒకరిని తలుచుకునే కొట్టింది. తండ్రికీ మొగుడికీ యార్డు యజమానికీ ఎప్పుడో సరిపడా పడ్డాయి. ఇప్పుడు కళ్ల ముందు పిల్ల తప్ప ఎవరూ లేరు. మూలన చిన్న సొట్ట పెట్టి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? కడుపుతీపి అలాగే చెయ్యమంది. కానీ అలా చేస్తే పిల్లకు చేతకాదని తానే ఒప్పుకున్నట్టు కాదూ! ఆ ఊహకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నా పిల్లకు చేతకాదుటే?" అని పెట్టె మీద విరుచుకుపడింది. ఇనుము చీలింది. తీగలు పేగుల్లా బయటికొచ్చాయి. లోపలి పలకలు పెళపెళ విరిగి మొహం మీద చిట్లాయి, పెదవి తెగి రక్తం కారింది. ఆగలేదు. ఆఖరి దెబ్బకు మాత్రం రొమ్ము లోపలినుంచి ఎవరో తిరగ్గొట్టినట్టయింది. పెట్టె పక్కన నమూనాకు తొడిగిన రేకు మీద అరచెయ్యి ఆనించి నిలదొక్కుకుంది. వెనక తలుపు దాటి, తాను బయటికి వచ్చేసినట్టు తెలిపే ఆకుపచ్చ మీట నొక్కింది. మెట్టు మీద కూలబడి గోడకు ఆనుకుంది.

"ఇక చూపించవే," అంది గాలితో. లోపల రోబోలు కదిలిన చప్పుడు వినిపించింది. అదొక్కటే విన్నది.

తెర మీద ఆ పెట్టెను చూసి కూతురు "రాక్షసి" అని పళ్లు నూరింది. రోబో చేతులతో చీలికను ఒత్తింది, తీగలు ఒక్కొక్కటే ఏరి కలిపింది, విరిగిన పలకలు పీకి కొత్తవి దిగగొట్టింది. వెలుతురుండగానే పెట్టెలో దీపాలు వెలిగాయి. గదంతా చప్పట్లు. ఆమె కుర్చీ దిగి వెనక తలుపు వైపు పరుగెత్తింది.

"ఇదేం కొట్టుడమ్మా, నన్ను చంపేద్దామనుకున్నావా?"

పెద్దమ్మ గోడకు ఆనుకునే ఉంది. కూతురు నవ్వుతూనే వచ్చి భుజం పట్టి కుదిపింది. ఒళ్లు చల్లగా తగిలింది.

కొన్నాళ్లకు నమూనాకు రేకులన్నీ మార్చమన్నారు. కుర్చీలో కూర్చున్నది ఆ పిల్లే. రోబోలు పాత రేకులను బరబర చించుకుంటూ పెట్టె పక్కకు వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. తెర మీద, తళతళలాడే రేకు మీద, చెమటతో పడిన అరచేతి అచ్చు అయిదు వేళ్లూ చాచి అలాగే ఉంది.