అమ్మ దిగే యాళ్లకు

గాజు జాడీ పైన ఒక చుక్క వేలాడుతుంది.

వెంటనే రాలదు. నల్లగా, గుండ్రంగా, కిటికీ వెలుగును కడుపులో పెట్టుకొని బరువెక్కుతుంది... అప్పుడు రాలుతుంది.

టప్.

తర్వాత ఇంకొకటి.

ఇల్లంతా వాసన. వేయించిన చింతగింజల వాసన లాంటిది, కానీ చింతగింజలది కాదు. అమ్మ పట్నం నుంచి వచ్చినప్పుడు ఆమె కొంగుకు ఉండే వాసన.

వానకాలంలో ఒక పొద్దున అలా జరిగింది. ఒక్క పొద్దునే. బాపు రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. కాఫీ మిషన్ తనంతట తానే మేల్కొంది. గురగురమంది. చుక్కలు రాల్చింది.

నేను లేచి తలుపులు మూశాను.

వాసన బయటికి పోకుండా.

*

మిషన్‌ను అమ్మే తెచ్చింది. ఎండకాలంలో వచ్చినప్పుడు పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది.

మాది చిట్యాల దగ్గర ఊరు. మా బోరు ఎండిపోయిన ఏడు బాపు భూపాలపల్లి బొగ్గుబావికి కాంట్రాక్టు పనికి పోయాడు. అమ్మ పట్నం పోయింది. అక్కడ ఒక పెద్ద ఇంట్లో వంట. ఆ ఇంట్లో వాళ్ళు లేవకముందే అమ్మ లేవాలి. వాళ్ళు కళ్ళు తెరిచేసరికి కాఫీ ఉండాలి.

"వాళ్ళకు మిషన్ కాఫీ మంచిగ అనిపిస్తలేదంట," అని అమ్మ నవ్వింది. "యాదమ్మ చేతి కాఫీనే కావాల్నంట. ఇగ ఇది ఎందుకని నాకిచ్చిన్రు."

బాపు కూడా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మిషన్ చేసే పని అక్కడ అమ్మ చేస్తుంది. అందుకే మిషన్ ఇక్కడికి వచ్చింది.

పక్కింటి లస్మవ్వ చూడటానికి వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. మూత తీసి లోపలికి తొంగి చూసింది.

"నీళ్ళు పోస్తే కాఫీ ఇస్తదా? మరి గడ్డి ఏస్తే పాలిస్తదేమో చూడు యాదమ్మా!"

అమ్మ కడుపు పట్టుకొని నవ్వింది.

ఆ సాయంత్రం అమ్మ నాకు నేర్పింది. వెనక నీళ్ళు పోయాలి. మీద గుడ్డ పరిచి పొడి వేయాలి. వడగట్టే కాగితం కొనడం ఎందుకని బాపు పాత ధోతిని ముక్కలు కోసి ఇచ్చింది. ముందు ఒక బుడిపె. ఒకవైపు తిప్పితే ఆన్. ఇంకోవైపు తిప్పితే గడియారం బొమ్మ. గడియారంలో టైం పెట్టి పడుకుంటే, ఆ టైముకు తానే లేస్తుంది.

"తాడికి కల్లు లొట్టి కట్టినట్టే బిడ్డా," అంది. "గౌడు పొద్దుమీకి కట్టి దిగుతడు. చెట్టుకింద ఎవ్వలుండరు. ఒక్కొక్క చుక్క రాలుకుంట రాలుకుంట... తెల్లారేసరికి నిండుతది. గట్లనే ఇది."

ఐదింటికి పెట్టింది.

తెల్లారి అది లేవలేదు.

రాత్రి కరెంటు పోయి వచ్చింది. కరెంటు పోతే ఆ మిషన్ అన్నీ మరిచిపోతుంది. పెట్టిన టైం మరిచిపోతుంది. అసలు టైమే మరిచిపోతుంది. మళ్ళీ కరెంటు వచ్చాక ఆకుపచ్చ అంకెలు పన్నెండు దగ్గర ఆగి, ఆరి వెలిగి, ఆరి వెలిగి... మిణుగురు ఒకటి సీసాలో చిక్కినట్టు.

పన్నెండు. పన్నెండు. పన్నెండు.

అమ్మ లేచింది. ముఖం కడుక్కుంది. పొయ్యి ముట్టించి అందరికీ చాయ్ పెట్టింది. గ్లాసు నాకు అందిస్తూ అంది.

"ఒక్కనాడన్న నేను లేవకముందు నాకోసం ఏదన్న తయారై ఉంటే... ఇగ నేను యాడికి పోనే."

నవ్వుతూనే అంది. చాయ్ ఊదుకుంటూ అంది. తర్వాత చెంబు బోర్లించి, చీర మార్చుకొని, బస్సెక్కింది.

ఆమె ఆ మాట మరిచిపోయి ఉంటుంది.

నేను మరిచిపోలేదు.

*

తర్వాత సమ్మె వచ్చింది. రాష్ట్రం కావాలని సకల జనుల సమ్మె.

బడి మూతపడింది. సార్లు శిబిరంలో కూర్చున్నారు. బస్సులు డిపోల్లో ఆగాయి. బొగ్గుబావి ఆగింది. బాపు పొద్దున్నే కండువా వేసుకొని టెంటు కాడికి పోయేవాడు. సాయంత్రానికి గొంతు పోయేది. ఇంటికి వచ్చి సైగలతో అన్నం అడిగేవాడు.

నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నేనూ ఎవరితో ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. బడి ఉంటే కనీసం పక్కన ఎవరో ఒకరు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు గోడ మీద ఉడత. వాకిట్లో గునుగు చెట్టు. లోపల మిషన్.

కరెంటు ఇంకా ఎక్కువ పోయేది. పోతే గంటలకొద్దీ రాదు. ఊరంతా తిట్టుకునేది. బాపు మాత్రం చీకట్లో మంచం మీద కూర్చొని సన్నగా నవ్వేవాడు.

"మేము తవ్వకపోతే పట్నంల కరెంటు బుగ్గ వెలుగదు బిడ్డా. ఇప్పుడన్న తెలుస్తది వాళ్ళకు."

అవును.

కానీ బాపు నవ్విన ప్రతిసారీ నా మిషన్ అన్నీ మరిచిపోయేది.

కరెంటు రాగానే నేను పరిగెత్తేదాన్ని. ఐదు దగ్గర పెట్టేదాన్ని. పోయేది. వచ్చేది. పెట్టేదాన్ని. పోయేది. అమ్మ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఎప్పుడు వచ్చినా ఆ పొద్దున అది లేచి ఉండాలి. నీళ్ళు రోజూ మార్చేదాన్ని. పొడి వేసేదాన్ని కాదు. అమ్మ ఇచ్చిన పొట్లంలో పొడి అడుగున ఉంది. ఇంకొక్క జాడీకి వస్తుంది. అంతే.

లస్మవ్వ గోడ మీదుగా చూసి ఒకరోజు అంది.

"మనిషిని ఇచ్చి మిషన్ తెచ్చుకున్నరు గదనే పిల్లా."

ఆమె మంచిదే. కూర వండితే గిన్నెలో పంపుతుంది. ఆ రోజు కూడా పంపింది. చిక్కుడుకాయ కూర. నేను తినలేకపోయాను.

*

సద్దుల బతుకమ్మకు ముందు రోజు బాపు ఫోను మోగింది.

"బిడ్డా, రేపు వస్తున్న."

అమ్మ.

"బస్సులు లేవు గద. గీడికెళ్ళి ఒక డీసీఎం బండి వస్తదంట. మన దిక్కు ఆడోళ్ళం అందరం ఎక్కుతున్నం. రాత్రి ఎల్లుతం. పొద్దుగాల్ల దిగుత. గునుగు పువ్వు తెంపి పెట్టు. తంగేడు ఎక్కువ తే... వినవడుతుందా?"

"ఊ."

"ఏంది, గంతేనా? ఇంకేమన్న మాట్లాడవా?"

నాకు చెప్పాల్సింది చాలా ఉంది.  

ఆమె వెనక ఎవరో పిలిచారు. యాదమ్మా, స్టవ్ మీద పాలు.

"వస్తున్నానండీ," అంది అమ్మ. వాళ్ళ మాటలాగ. ఫోను పెట్టేసింది.

చెలకల్లో తిరిగి తంగేడు తెచ్చాను. మా కోమటికుంట గట్టు పొడవునా గునుగు తెల్లగా పూసింది. తల వంచి నిలబడ్డ ముసలమ్మల్లాగ. ఒడి నిండా తెంపాను. చేతులకు పచ్చివాసన. ఇంటికి వచ్చి మిషన్ కడిగాను. ధోతి గుడ్డ పరిచాను. పొట్లం తలకిందులు చేసి తట్టి తట్టి, చివరి పొడి దాకా పోశాను. నీళ్ళు గీత దాకా.

కరెంటు లేదు.

బాపు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇన్నాళ్ళు ఆయన ఏమీ అడగలేదు. చూడలేదేమో అనుకున్నాను.

"మీ అమ్మకా?"

తల ఊపాను.

లోపలికి వచ్చాడు. మిషన్ ముందు గొంతుక్కూర్చున్నాడు, మోటరు బాగుచేసేవాడిలాగ.

"గడియారం పెట్టకు బిడ్డా. గీ కరెంటుకు గడియారం నిలువది. బోరు కాడ మనం ఎట్ల పెడ్తుంటిమి? మోటరును ఆన్‌ల ఇడిసిపెట్టి ఇంటికస్తుంటిమి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే మోటరు లేస్తది. దీన్ని గూడ గట్లనే ఇడిసిపెట్టు. తెల్లారగట్ల ఎట్లన్న ఒక పాలి కరెంటు ఇస్తరు."

బుడిపెను ఆన్ వైపు తిప్పాడు. బొగ్గు గీతలు పోని వేళ్ళతో, మెల్లగా.

మిషన్ ఏమీ అనలేదు. చీకట్లో నోరు తెరుచుకొని ఎదురుచూసింది.

"రేపు రాస్తారోకో ఉన్నది," అన్నాడు బాపు. "నేను పొద్దుగాల్లనే పోవాలె. ఒక్క బండి కదలనియ్యం."

"అమ్మ బండి?"

ఆ మాట ఎలాగో బయటికి వచ్చింది.

"పిచ్చిపిల్ల. పండుగకు వచ్చే ఆడబిడ్డలను ఆపుతమా?"

"దారిల జనగామ కాడ ఆపుతరేమో..."

"ఆడ ఉన్నది ఎవలు? మనోళ్ళే గద!"

*

తెల్లవారింది.

కరెంటు రాలేదు.

గునుగు మీద మంచు చుక్కలు. ఒక్కొక్కటి కొనకు జారి, ఆగి, రాలుతున్నాయి. వాకిలి ఊడ్చి చల్లాను. ముగ్గు పెట్టాను. అమ్మ కూర్చునే పీట కడిగి గోడకు ఆనించాను. పాలు గిన్నెలో పోసి మూత పెట్టాను.

రోడ్డు వైపు చూశాను.

కల్లు దించే గౌడు సైకిల్ మీద పోయాడు. లొట్లు నిండి ఉన్నాయి. అంచుల దాకా నురగ.

మళ్ళీ చూశాను.

ఎండ గడప దాకా వచ్చింది. గడప దాటింది. పీట మీదికి ఎక్కింది. పువ్వులు గంపలో మెల్లగా తల వాల్చాయి. నీళ్ళు చల్లాను. లస్మవ్వ గోడ మీదుగా చూసింది. ఈసారి ఏమీ అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

బండి చప్పుడు విన్నప్పుడల్లా మిషన్ వైపు చూశాను. లే, అనుకున్నాను. ఇప్పుడు లే. అమ్మ దిగే యాళ్ల అయింది.

అది లేవలేదు.

అమ్మా రాలేదు.

*

బాపు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటి పడమటికి వాలింది. కండువా భుజం మీద లేదు, చేతిలో ఉంది. గడప మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. చాలాసేపు చెప్పులు కూడా విప్పలేదు.

"మీ అమ్మ ఫోను చేసింది," అన్నాడు. గొంతు పోయింది. గుసగుసలాగ వచ్చింది. "జనగామల ఆపిన్రట."

నేను పువ్వులు చూస్తున్నాను.

"తెల్లారగట్ల నుంచి రోడ్డు మీదనే ఉన్నరట. మా పెనిమిటి సమ్మెల ఉన్నడు, బొగ్గుబావిల చేస్తడు, అని చెప్పిందట. వాళ్ళు నీళ్ళు ఇచ్చిన్రట. అటుకులు ఇచ్చిన్రట. మా ఇండ్లల్లకు గూడ ఎవ్వలు రాలేదవ్వా, ఏమనుకోకు, అన్నరట. డ్రైవరు వాపస్ తిప్పిండు."

"ఏడ్చిందా?"

"లేదు. వాళ్ళు చెప్పింది గూడ నిజమే గద అన్నది."

ఆగాడు. కండువాను వేళ్ళకు చుట్టాడు. విప్పాడు. మళ్ళీ చుట్టాడు.

"మేము గూడ పొద్దున ఒక జీపును వాపస్ తోలినం బిడ్డా."

బయట ఎక్కడో పిల్లలు కోలలు కొట్టుకుంటున్నారు.

"అద్దాలకు మన్ను. లోపట ఎవలున్నరో... చూడలే."

  ఆ జీపులో ఎవరున్నారో నేను చూడగలుగుతున్నాను. ఒళ్ళో ఏదో మూట పెట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని... ఏ ఊరికో వెళ్తున్న ఒక అమ్మ. ఏ ఊర్లోనో వాకిలి ఊడ్చి చూస్తున్న ఒక పిల్ల.

బాపు కూడా ఆమెనే చూస్తున్నాడు. ఆయన ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు బుగ్గ వెలిగింది.

పట్టపగలు, ఎండలో వెలిగిన బుగ్గ. పసుపు చుక్కలాగ.

మిషన్ దగ్గింది. గురగురమంది. లోపల ఎక్కడో నీళ్ళు లేచాయి. బాపు చెప్పినట్టే లేచింది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే.

మేమిద్దరం కదల్లేదు.

టప్.

వాసన వంటింట్లోంచి వచ్చింది. పీట మీదుగా, గంపలోని పువ్వుల మీదుగా, బాపు చెప్పుల దాకా వచ్చింది. వేయించిన చింతగింజల వాసన లాంటిది. కానీ చింతగింజలది కాదు.

టప్. టప్.

బాపు కళ్ళు మూసుకున్నాడు. పట్నంలోని ఆ ఇంట్లో అమ్మ ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఇప్పుడు అమ్మ ఆ ఇల్లు చేరుకొని ఉంటుందా? పండుగ రోజు కూడా కొంగు నడుముకు చెక్కుకొని, వాళ్ళ కోసం పొయ్యి ముందు నిలబడి ఉంటుందా? అక్కడ కూడా ఇప్పుడు ఇదే వాసన ఉంటుందా?

బాపు లేచాడు. అమ్మ గ్లాసు తీశాడు. అంచుకు సొట్ట ఉన్న ఇత్తడి గ్లాసు. కడిగాడు. ధోతి కొసతో తుడిచాడు. మిషన్ పక్కన పెట్టాడు. మళ్ళీ వచ్చి గడప మీద కూర్చున్నాడు.



బయట వాడకట్టు ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకొని బయలుదేరుతున్నారు. లస్మవ్వ కేక వేసింది.

"పిల్లా! పువ్వులు ఎండుతున్నయ్. పేర్చుకొని రా. నీ బతుకమ్మను నేను ఎత్తుకుంట తియ్!"

"వస్తున్నవ్వా," అన్నాను.

కదల్లేదు.

జాడీ సగానికి వచ్చింది. ఇంకాస్త నిండితే గీత దాటుతుంది. ఇంకాస్త...

బుగ్గ ఆరిపోయింది.

గురగుర ఆగింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అలవాటుగా నేను బాపు ముఖం వైపు చూశాను. కరెంటు పోయినప్పుడు వచ్చే నవ్వు కోసం.

ఆయన నవ్వలేదు.

జాడీ దగ్గరికి పోయి వంగి చూశాను.

గాజు జాడీ పైన ఒక చుక్క. నల్లగా, గుండ్రంగా, వాకిలి వెలుగును కడుపులో పెట్టుకొని — వేలాడుతూ ఉంది.

ఇంకా రాలలేదు.