పదకొండు నెలల సాక్ష్యం

ఆ మాత్ర పేరు చెప్పను. చెబితే మందుల షాపులో అడిగి కొనుక్కునేవాళ్ళు రేపే బయల్దేరతారు.

నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తాను. సీజన్‌లో రోజంతా చేతులు కాయల్లోనే. ఇంటికొచ్చి ఎంత మజ్జిగ రాసినా అరచేతుల మంట తగ్గదు, కన్ను మూతపడదు. మా పేటలో ఇంజెక్షన్లు చేసే ఆయన చీటీ కూడా లేకుండా పది నిద్రమాత్రలు చేతిలో పెట్టాడు. పది రోజులు వేసుకోమన్నాడు. ఏడేళ్ళు మింగాను. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. ఆఖరికి మంట లేని రోజుల్లో కూడా మాత్ర పడకపోతే గుండె దడ. పొయ్యి మీద కూర పెట్టి మర్చిపోయేదాన్ని. గడప తగిలి పడిపోయేదాన్ని. ఆదివారం బడిలో పిల్లలకు నేర్పే వాక్యాలు నాకే గుర్తుండేవి కావు. మింగేది నేనే కాబట్టి సిగ్గు కూడా నాదేననుకుని ఎవరికీ చెప్పలేదు.

నిరుడు మార్చిలో మా చర్చిలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. పాస్టర్ ఇమ్మానియేలు అయ్యగారు మంచి మనిషి, ఈ మాట ముందే చెబుతున్నాను. ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట గుమ్మంలో కనిపించేది ఆయనే. మిమ్మల్ని కట్టేసినవేవో తెచ్చి ఇక్కడ పారేయండని ఆయన పిలుపిచ్చారు. కొందరు గుట్కా పొట్లాలు వేశారు, ఒకాయన సీసా వేశాడు. నేను నాలుగు షీట్ల మాత్రలు వేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మూడో రోజు తొడిమలు తీస్తూ తీస్తూ కాయల కుప్ప మీదే పడి గిలగిలా కొట్టుకున్నానట. ఫిట్స్. ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చాయట. కబురంది పరిగెత్తుకొచ్చిన అయ్యగారు, దురాత్మ వదిలిపోతోందని నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. జనమంతా చుట్టూ మోకరించారు. రోజూ నా పక్కన కూర్చుని పనిచేసే నజ్మీన్ మాత్రం వెళ్ళి ఆటో తీసుకొచ్చింది. "ప్రార్థన ఆటోలో చేసుకోండి, ముందు మనిషిని ఎక్కించండి" అందట. ఆ మాట వల్లే బతికాను.

గుంటూరులో డాక్టర్ రాజరాజేశ్వరి గారు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. ఏడేళ్ళు అలవాటుపడిన ఒంటికి ఒక్కపూటలో ఆపేస్తే ప్రాణం పోతుందన్నారు. మళ్ళీ మాత్ర ఇచ్చారు, ఈసారి కొంచెం కొంచెంగా దించడానికి. ఎప్పుడు ఎంత తగ్గించాలో ఆవిడే చెప్పాలి, నేను సొంత తెలివి చూపించకూడదు. కౌన్సిలర్ దగ్గర కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. తగ్గించిన ప్రతిసారీ చెమటలు, వణుకు, ఫ్యాను చప్పుడుకు కూడా ఏడుపు. రెండుసార్లు తట్టుకోలేకపోతే ఆవిడ కాస్త ఆపి, మళ్ళీ మొదలుపెట్టించారు. చేతులకు గ్లౌజులు తెచ్చింది నజ్మీన్. ఏడేళ్ళ కిందట ఆ మాత్రలకు బదులు ఎవరైనా గ్లౌజులు ఇచ్చి ఉంటే నాకీ గోలే లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పదకొండు నెలలకు పావు మాత్రకు దిగాను.

ఈలోగా అయ్యగారు ఊరూరా నా సంగతి చెబుతున్నారు. రెబ్కా సహోదరి మాత్రలు పారేసింది, గంటలో విడుదల పొందింది అని. ఫిట్స్ సంగతి చెప్పరు, ఆసుపత్రి సంగతి చెప్పరు. అది నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే అలా పొగిడించుకోవడం బాగానే ఉంది. అది నా తప్పు. ఈసారి చర్చిలో కోతపండుగకు సంఘం ముందు లేచి నన్నే సాక్ష్యం చెప్పమన్నారు.

కోతపండుగ ముందురోజు షెడ్డులో ఫెబా నా పక్కకు చేరింది. ముప్ఫై నిండని పిల్ల. నాలుగేళ్ళుగా అదే మాత్ర మింగుతోందట. రేపు నేను సాక్ష్యం చెప్పగానే తన మాత్రలన్నీ కానుకల బుట్టలో వేసేస్తుందట, నాలాగే. జరిగిందంతా చెప్పాను. ఫెబా నమ్మలేదు. అయ్యగారు అబద్ధం చెబుతారా అక్కా అంది.

ఆ సాయంత్రమే అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మాత్రలు పారేసింది నిజమే కదా, తర్వాతి సంగతి చెబితే సంఘంలో విశ్వాసం సన్నగిల్లుతుందన్నారు. పారేసిన దాకా చెప్పి కూర్చోమన్నారు.

ఆదివారం ప్రసంగ వేదిక ముందు మిరపకాయల బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు పేర్చారు. ఘాటుకు సంఘమంతా దగ్గుతోంది. రెండో వరుసలో ఫెబా, ఒళ్ళో సంచి. నా పేరు పిలిచారు. లేచి కొంగుముడి విప్పాను.

"అందరికీ వందనాలు. మాత్రలు పారేసిన మాట నిజం. మూడో రోజు చావబోయిన మాట కూడా నిజం. అది దెయ్యం కాదు, ఒక్కసారిగా మానినందుకు వచ్చిన ఫిట్స్. ఇదిగో, ఇవాళ నేను వేసుకోవాల్సిన పావు ముక్క. ఇంకా మింగుతన్నా. డాక్టరమ్మ చాలనేదాకా మింగుతా. నాకు సిగ్గు లేదు. మీలో ఎవరికి ఈ అలవాటున్నా తగ్గించుకోండి, కానీ డాక్టరుకు చూపించకుండా ఆపబాకండి."

అయ్యగారు మైకు అందుకుని, కూర్చోమ్మా, పాట పాడదాం అన్నారు.

"పాడండి. నేను నిలబడే ఉంటా."

పాట మొదలైంది గానీ గొంతులు కలవలేదు. ఫెబా లేచింది. సంచి పట్టుకుని బుట్ట వైపు నడిచింది. బుట్ట దగ్గర ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చి, సంచి నా చేతిలో పెట్టింది.

"ఎట్టా తగ్గించాలో నాకు తెలీదక్కా."

"నాకూ తెలీదు. తెలిసినావిడ దగ్గరికి రేపు పొద్దున్నే పోదాం. అందాకా రోజూ వేసుకునేది మానబాక."

సంచి తిరిగి దాని చేతికే ఇచ్చాను.

ఆరాధన అయ్యాక అయ్యగారు గుమ్మం దగ్గర నన్ను ఆపారు. ఆయన ముఖం నల్లబడిపోయింది. "సంఘంలో నా పరువు తీశావు రెబ్కా" అన్నారు. ఆయన మీద జాలేసింది, అయినా తల దించలేదు.

"తీశానండి. పై ఊళ్ళో నా సంగతి చెప్పేటప్పుడు గంట అనబాకండి అయ్యగారూ. పదకొండు నెలలని చెప్పండి. ఇంకా అవలేదని కూడా చెప్పండి."