పాట ఆపినవాడు

బందరులో చేపల వ్యాపారం చేసే గంగాప్రసాద్‌కి ‘కరకట్ట’ రాక్ బ్యాండ్ అంటే పద్దెనిమిదేళ్లుగా పిచ్చి. డిగ్రీ తప్పిన ఏడాది ఎవరో సెల్లులో వినిపించిన పాటతో పట్టుకుంది. హైదరాబాదు, వైజాగ్, బెంగళూరు, వాళ్ల షో ఎక్కడుంటే అక్కడికి, ఐసు పెట్టెలు తమ్ముడికి అప్పజెప్పి వెళ్లిపోయేవాడు. పాడే జాన్సన్ బెజవాడ మనిషే అయినా ఈ వైపు ఒక్క షో కూడా పెట్టలేదు. ఈసారి టూర్‌లో మంగళగిరి పేరు కనబడగానే టికెట్ తీసేసి, భార్య పద్మశ్రీకి తర్వాత చెప్పాడు.

సాయంత్రం ఐదుకి షో. రెండింటికే వెళ్లి ఎండలో నిలబడి, గేటు తీయగానే పరుగెత్తి స్టేజీ ముందు ఇనప బారికేడ్ పట్టుకున్నాడు. పక్కన క్రిస్టినా అని గవర్నర్‌పేట నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి. పాత పాటలన్నీ ఆ పిల్లకి నోటికి వచ్చని తెలిసి ముచ్చటపడ్డాడు.

మూడో పాటలో వెనక గేటు విరిగింది. టికెట్ లేనివాళ్లు వందలమంది తోసుకొచ్చారు. ఆ తోపుడికి గంగాప్రసాద్ పక్కటెముకలు ఇనపకడ్డీకి అదుముకుపోయాయి. బారికేడ్ ఎక్కబోయిన వాళ్ల వేళ్ల మీద బౌన్సర్లు కర్రలతో బాదారు. ఒకడి నుదురు చిట్లి రక్తం గంగాప్రసాద్ మెడ మీద చిందింది. అంతలో క్రిస్టినా కింద పడింది. ఆమె మీద ఒకరు, వాళ్ల మీద ఇంకొకరు.

"అంకుల్, ఊపిరాడట్లేదు" అంది.

చెయ్యి పట్టుకుని లాగాడు. రాలేదు.

పాట ఆపమని గొంతు చించుకుని అరిచాడు. జాన్సన్ కిందికి చూశాడు. కుప్పగా పడ్డవాళ్లని చూశాడు. చూసి, కళ్లు మూసుకుని చరణం ఎత్తుకున్నాడు.

గంగాప్రసాద్ బారికేడ్ దూకాడు. మోచేతి మీద కర్ర పడింది. రెండో దెబ్బకి ముందుపళ్లు రెండు ఊడాయి. కొట్టినవాడి మొహాన్ని తలతో గుద్దాడు. వాడి ముక్కు విరిగిన చప్పుడు విని కూడా ఆగలేదు. స్టేజీ పక్కనున్న కరెంటు బోర్డు దాకా పాకి, మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

పాట ఆగిపోయింది. అప్పుడు వినబడ్డాయి ఏడుపులు. బౌన్సర్లు కర్రలు పడేసి, పడ్డవాళ్లని బయటికి లాగడం మొదలుపెట్టారు. కానీ వెనకవాళ్లకి తెలిసిందల్లా ఎవడో షో చెడగొట్టాడని. గంగాప్రసాద్ ఒంటి మీదున్న కరకట్ట టీషర్టే వాళ్లూ వేసుకున్నారు. వాళ్లే అతన్ని ఈడ్చి, దవడ విరిగేదాకా తన్నారు.

ఆ రోజు ఇద్దరు చనిపోయారు. క్రిస్టినా మూడు ఎముకలు విరిగి బతికింది.

నాలుగో రోజు జాన్సన్ ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"లైట్లు కళ్లలో పడ్డాయండీ. నాకేం కనబడలేదు."

దవడకి తీగలు కట్టారు కాబట్టి గంగాప్రసాద్ మాట్లాడలేడు. పద్మశ్రీని కాగితం అడిగి, ‘చూశారు’ అని రాసి చూపించాడు.

జాన్సన్ తల దించుకున్నాడు. చూసిన మాట నిజమేనని, ఆపితే జనం తన మీద పడతారని భయపడ్డానని ఒప్పుకున్నాడు. ఆ ముక్క పోలీసులకి చెప్పమని గంగాప్రసాద్ కింద రాశాడు. జాన్సన్ లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఎస్సై వస్తే గంగాప్రసాద్ మూడు పేజీలు రాసిచ్చాడు. జాన్సన్ చూసిన సంగతీ, తను ఒకడి ముక్కు విరగ్గొట్టిన సంగతీ రెండూ దాచలేదు.